రెండు నిమిషముల వంట వెనుక

రాజుల చరిత్రము వ్రాయుటకు శాసనములు గలవు. గ్రామముల చరిత్రము వ్రాయుటకు కైఫీయతులు గలవు. పొయ్యి చరిత్రమునకు అట్టి ఆధారము లరుదు. దినదినము వండి, వడ్డించి, కడిగి బోర్లించిన గిన్నెలో చరిత్రకారునికి మిగులునది యేమి? అయినను గడచిన నూఱేండ్లలో మన గృహజీవనమున గలిగిన మార్పులను లెక్కించినచో, వంటయింటిలో గలిగిన మార్పు తక్కిన వేనికిని దీసిపోదని తోచుచున్నది.

గుంటూరులోనో ఒంగోలులోనో ఒక గృహిణి, పిల్లలు బడినుండి వచ్చి చేతులు కడుగుకొనునంతలో సేమ్యా ఉప్మా చేసి పెట్టుచున్నది. పది నిమిషములు చాలును. పొట్లములోని నూడుల్సు అయినచో రెండే నిమిషములని అమ్మువారు చాటుదురు. ఆమె అవ్వ కాలమున పిండితో తీగలు చేసి వండుట ఒక దినపు పని. ఆ దినమంతయు ఎక్కడికి పోయినది? దానిని మిగిల్చిన వారెవరు? మిగిలినది ఎవరి చేతికి వచ్చినది? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే యీ వ్యాసమున నా ఉద్దేశము. త్వరగా అగుట వంటకముయొక్క సహజగుణము కాదు. ఒకరు ముందుగా వెచ్చించిన కాలము మఱియొకరికి త్వరగా గనబడును. ఈ మాట రుజువగునో లేదో చూతము.

పిండిని తీగలుగా జేసి యుడికించు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. చీనాదేశమున పసుపునది యెగువ భాగమున లాజియా అను చోట, భూకంపమునకును వఱదకును లోబడి కప్పబడిపోయిన యొక గ్రామమును త్రవ్వినప్పుడు, బోర్లపడిన మట్టిగిన్నె క్రింద పచ్చని సన్నని తీగలు గనబడినవి. అవి సుమారు నాలుగువేల యేండ్లనాటివని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ పిండి గోధుమది గాదు. కొఱ్ఱలది, వరిగలది అని వారు చెప్పిరి. జిగిలేని యా పిండిని అంత సన్నగా ఎట్లు తీసిరో యని పండితులు తర్కించిరి. మనకు ముఖ్యమైన సంగతి వేఱు. కొఱ్ఱలును వరిగలును మన పల్నాటి మెట్టలలోను ఒంగోలు ప్రాంతమునను తరతరములుగా పేదలకు అన్నము పెట్టిన ధాన్యములు. నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిన పిమ్మట వరి విస్తరించినది గాని, అంతకు ముందు ఈ మెట్ట గ్రామములలో వరియన్నము చాల యిండ్లకు పండుగనాటి మాట.

దక్షిణదేశమునను ఈ విద్య క్రొత్తది గాదు. 1025 ప్రాంతమున చావుండరాయడు కన్నడమున రచించిన లోకోపకారమను గ్రంథమున శావిగె చేయు విధానమును, దానిని ఒత్తు అచ్చును వర్ణింపబడినవి. వేయి సంవత్సరముల క్రిందటనే మన పొరుగున ఒత్తుడు గొట్టము ఉండెనన్నమాట. మన యిండ్లలోని జంతికల గొట్టము ఆ జాతిలోనిదే. ఇక గొట్టము సయితము అక్కఱలేని తెలుగువంట యొకటి గలదు. అది వినాయకచవితినాడు కృష్ణా గుంటూరు మండలములలో చేయు పాలతాలికలు. బియ్యము నానబోసి, నీడను ఆఱబెట్టి, తడి పూర్తిగా ఆఱకముందే రోట దంచి, జల్లించి, ఆ పిండిని మరుగు నీట ఉడికించి ముద్దచేసి, చిటికెడు చొప్పున తీసి, అరచేతుల నడుమనో పీటమీదనో తీగలుగా తాల్చి, బెల్లము వేసిన పాలలో ఉడికింతురు.

ఆ తాల్చెడి చేతివైఖరిని చూచినవారికి మఱియొక పని జ్ఞప్తికి రాక మానదు. ప్రత్తిని చిక్కుదీసి దీపమునకు వత్తి చేయునప్పుడును చేయి అట్లే కదలును. ఇది నల్లరేగడి నేల, ప్రత్తి పండు నేల. ఇచటి స్త్రీలు వేసవిలో ప్రత్తి గింజ దీసిరి, ఏకులు చుట్టిరి, నూలు వడికిరి. ఆ చేతులే పండుగనాడు పిండిని నూలువలె తీసినవి. రెండును మగవారి లెక్కలలో పనిగా చేరలేదు. వత్తి చేసినందుకు కూలి లేదు, తాలిక చేసినందుకు కూలి లేదు. పని యనిన పొలములోనిది, కచేరీలోనిది. ఇంటిలోనిది ధర్మము. ఈ పేరుపెట్టుటలోనే సగము అన్యాయము దాగియున్నది.

తాలికలకు పట్టెడి కాలమును లెక్క వేయుదము. బియ్యము నానుటకు ఒక రాత్రి. దంచి జల్లించుటకు ఒక పూట. ముద్దచేసి తాల్చుటకు, ఇంట ముగ్గురాడువారు కూర్చున్నను, గంట దాటును. పొయ్యి రాజేయుట, పొగ యూదుట, గిన్నెలు తోముట వేఱు. పదిమంది తిను తీపివంటకమునకు నలుగురి శ్రమ. అందులో ఆనందము లేదని నే ననను. కలసి కూర్చున్నప్పుడు కబుర్లు సాగెను, పాటలు సాగెను, కోడండ్రు అత్తలనుండి పనితనము నేర్చుకొనిరి. ముసల్మాను సోదరుల యిండ్లలో రంజాను పండుగకు సేమ్యా పాయసము, షీర్ ఖుర్మా, ఇట్లే పదిమందిని ఒకచోట జేర్చెను. అయినను ఆ పనిని వలదనుటకు ఆ యాడువారికి స్వేచ్ఛ యుండెనా యని అడిగినచో, లేదనియే చెప్పవలసియుండును. సంవత్సరమున కొకసారి ఇష్టముతో చేయు పని పండుగ యగును. ప్రతిదినము తప్పక చేయవలసినది వెట్టికి దగ్గఱగును.

ఇక రుచి మాట. మిరపకారము లేని గుంటూరు వంటను నేడు మన మూహింపలేము. కాని మిరపకాయ మన పూర్వులెఱిగినది కాదు. అది అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ ఖండమునకు దారి తీసిన పిమ్మటనే అది తక్కిన లోకమునకు తెలిసినది. 1498లో వాస్కోడగామా కాలికట్టున దిగిన తరువాత పోర్చుగీసువారి నావలవెంట అది మన తీరమునకు వచ్చినది. అంతకు ముందు మన కూరలకు ఘాటు నిచ్చినది మిరియము. క్రొత్త కాయకు పాత ఘాటు పేరే అంటుకొని మిరపకాయ యైనది. రెడ్డిరాజుల కాలపు కొండవీటి వంటశాలలో మిరపకాయ లేదు. ఆచారమనిన అనాదినుండి యున్నదే యని పట్టుపట్టు వారు ఈ ఒక్క కాయను చూచి కొంత మెత్తబడవచ్చును. అయిదువందల యేండ్ల క్రింద పరదేశమునుండి వచ్చినది నేడు మన పేరై నిలచినది. క్రొత్త వంటకము వచ్చినంతనే మన వంట చెడినదని భయపడ బనిలేదు.

నేడు గుంటూరు సన్నము అను పేరు దేశదేశముల తెలియును; దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. గుంటూరు సమీపమున లాము గ్రామమందలి వ్యవసాయ పరిశోధనస్థానము క్రొత్త మిరపరకములను వెలువరించినది. ఈ కీర్తి వెనుకనున్న కాలమును గూడ లెక్కింపవలసియున్నది. నారు పోసినది మొదలు చివరి కోత వఱకు మిరప తోట అర్ధసంవత్సరమునకు పైగా మనుష్యుని కాపు కోరును. కాయలన్నియు ఒకేసారి పండవు. కావున ఎఱ్ఱబడినవానిని ఏఱి ఏఱి పలుమాఱులు కోయవలెను. కోతలకాలమున కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములు పిల్లలతోగూడ వచ్చి పొలముల గట్లపై గుడిసెలు వేసికొందురు. కోసిన కాయను కల్లములో ఎండబెట్టి, తెల్లబాఱిన తాలుకాయను వేఱుచేసి, బస్తాలకెత్తి యార్డునకు తోలుదురు. యార్డులో ఆ బస్తాను టిక్కీ యందురు. తరువాత శీతలగిడ్డంగుల వద్ద వరుసగా గూర్చుండి తొడిమలు దీయువారు పెక్కుమంది స్త్రీలే. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నను దగ్గు రాకమానదు. సాయంకాలమునకు అరచేతులు మండును. ఆ చేతులతో ఇంటికిబోయి పిల్లలకు అన్నము కలుపవలెను. మన వంటలో చిటికెడు కారము వేయుటకు ఒక క్షణము పట్టును. ఆ క్షణము వెనుక ఆమె దినమున్నది.

తాలికలు బియ్యముతోను, నేటి సేమ్యా గోధుమతోను చేయబడుచున్నవి. గోధుమ యీ సీమ ముఖ్యాహారము కాదు. ఉప్మారవ్వకు బొంబాయిరవ్వ యని మనవారు పెట్టిన పేరే అది ఎక్కడినుండియో వచ్చినదని చెప్పుచున్నది. 1942లో జపానువారు బర్మాను ఆక్రమింపగా అచటినుండి వచ్చు బియ్యము నిలచిపోయినది. యుద్ధకాలమున ఆహారధాన్యములకు రేషను ఏర్పడినది. బియ్యము తిను జనులు గోధుమను గూడ తినవలెనని ప్రభుత్వములు బోధింపజొచ్చినవి. 1954లో అమెరికా చేసిన చట్టము ననుసరించి, 1956లో కుదిరిన ఒడంబడికతో, ఆ దేశపు గోధుమలు ఓడలకొలది మన రేవులకు చేరినవి. 1960 తరువాత ఉత్తరదేశమున గోధుమపంట విస్తారముగా పెరిగినది. మరలు ఆడినవి, రవ్వ, మైదా పల్లెయంగడులకు దిగినవి. పిండిని నీటితో కలిపి, కంతల పలకగుండ యంత్రము ఒత్తగా తీగలు దిగును, వేడిగాలికి ఎండును, పొట్లములో జేరును. హైదరాబాదు బాంబినో వంటి సంస్థల పొట్లములు మన వంటయిండ్ల అరలలో స్థిరపడినవి. రోలు, జల్లెడ, పీట, ఎండ, నలుగురాడువారి చేతులు ఇవన్నియు ఒక యంత్రములో చేరిపోయినవి. మొదటి ప్రశ్నకు సమాధానమిదే. అవ్వ వెచ్చించిన దినము మాయము కాలేదు. అందులో కొంత యంత్రమునకును, కొంత దూరపు కూలివాని చేతికిని మాఱినది.

పొట్లపు వంటను నిందించు పెద్దలు గలరు. ఆడువారు సోమరులగుటచే ఇట్టివి పుట్టినవని వారి యాక్షేపణ. చరిత్రము దానికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. స్విట్జర్లాండు దేశమున 1880 తరువాతి సంవత్సరములలో మిల్లులలో పనిచేయు స్త్రీలకు దినమంతయు యంత్రములయొద్దనే గడచుచుండెను. వండుటకు తీరిక లేక వారును వారి పిల్లలును సరియైన తిండిలేక చిక్కిపోవుచుండిరి. ఫ్యాక్టరీల తనిఖీ యధికారియు వైద్యుడు నగు ఫ్రిడోలిన్ షూలర్ ఈ సంగతిని పట్టించుకొనెను. పిండిమర యజమానియైన జూలియస్ మాగీ, బఠానీ చిక్కుడు గింజల పిండితో శీఘ్రముగా ఉడికెడి పోషకాహారమును సిద్ధపఱచి, 1886 నాటికి సూపుపొడిగా విక్రయింపజొచ్చెను. ఆయన పేరే నేడు మన పిల్లల నోట నూడుల్సునకు పర్యాయపదమైనది. శీఘ్రాహారము పుట్టినది సోమరితనమునుండి కాదు. పగలెల్ల మిల్లులోను, రాత్రి యింటిలోను, రెండు కొలువులు చేయు స్త్రీ యలసటనుండి. దోషము పిండిపొడిలో లేదు. ఆమె రెండవ కొలువును పంచుకొనుటకు ఎవరును ముందునకు రాకపోవుటలో నున్నది.

జపానున మఱియొక అవసరము దీనికి మూలమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఒసాకా నగరమున జనులు వేడి నూడుల్సు గిన్నెకొఱకు చలిలో వరుసలుగట్టి నిలచుటను మోమోఫుకు ఆండో అనునాతడు చూచెను. ఇంటి పెరటిలోని పాకలో చాల మాసములు పరిశ్రమించి, 1958 ఆగస్టు 25వ తేదీన వేడినీరు పోసినంతనే సిద్ధమగు నూడుల్సును విపణిలో బెట్టెను. దాని రహస్యము సులభము. ఉడికిన తీగలను కాగిన నూనెలో వేసినప్పుడు లోని నీరు ఒక్కసారిగా ఆవిరియై వెలికి బోవును. అది పోయిన దారులు సూక్ష్మరంధ్రములై నిలచును. మరల వేడినీరు తగిలినప్పుడు ఆ రంధ్రములగుండ లోనికి దిగును. అనగా రెండు నిమిషముల వంట అది వఱకే ఒకసారి వండబడినది. మనము చేయునది వండుట కాదు, మేలుకొలుపుట.

మన దేశమున మాగీ నూడుల్సు 1983లో వచ్చినవి. 2015 జూన్ నెలలో, సీసము మితిమీఱియున్నదనియు అజినోమోటో విషయమున పొట్లముపై వ్రాసినది సరిగాలేదనియు ఆహారభద్రతా ప్రాధికారసంస్థ విక్రయమును నిలిపివేసినది. ఆగస్టులో బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసి మరల పరీక్షింపుడనగా, పరీక్షల పిమ్మట నవంబరులో అవి తిరిగి అంగళ్లకు వచ్చినవి. ఆ వివాదములో ఎవరు గెలిచిరను దానికంటె మనకు నేర్పు పాఠము ముఖ్యము. వంట మన చేతినుండి మఱియొకరి చేతికి బోయినప్పుడు, తిను పదార్థములో ఏమున్నదో తెలిసికొను బాధ్యత మనయొద్దనే మిగులును. అవ్వకు తన పిండిలో ఏమున్నదో చదువకయే తెలియును. మనుమరాలు పొట్లము వెనుక సన్నని యక్షరములు చదివి తెలిసికొనవలెను. స్త్రీవిద్య అక్కఱలేదన్న వారికి ఈ యొక్క కారణము చాలును.

పొట్లమునకే యశమంతయు గట్టబెట్టరాదు. త్వర కలిగించినది తీగకంటె నిప్పు. మన పల్లెలలో పొయ్యిలోనికి ప్రత్తికట్టె, మిరపకట్టె, కందికంప వాడుదురు. పంట దీసిన చేనిలో వానిని పెఱికి, మోపులు గట్టి, నెత్తిన బెట్టుకొని తెచ్చినది ప్రాయికముగా ఆడుదియే. అవి గబగబ మండి ఆఱును. దగ్గఱ గూర్చుండి త్రోయుచు నుండవలెను. పొగకు కన్నులు చెడును. అట్టి పొయ్యిమీద ఏ పొట్లమైనను రెండు నిమిషములలో ఉడుకదు. ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము పేర పేదస్త్రీలకు వంటగ్యాసు కనెక్షనులిచ్చుట గొప్ప సంస్కారము. దేశమంతట ఉజ్జ్వల పథకము 2016లో వచ్చినది. తలుపు తట్టి ప్రవేశించిన యీ నీలిమంట, గృహిణికి ప్రతిదినము ఇచ్చిన కాలము, ఏ నూడుల్సు పొట్లమును ఈయలేదు.

ఇంతవఱకు చెప్పి వంట చెప్పకున్నచో సోదరీమణులు మెచ్చరు. సోదరులకు నేర్చుకొనకుండుటకు సాకు దొరకును. కావున మన సీమ రుచిగల యొక శీఘ్రవంటకమును కారణసహితముగా వివరింతును.

మొదట వెల్లుల్లికారము సిద్ధముగా నుండవలెను. పది యెండుమిరపకాయలను మూకుడులో మాడకుండ వెచ్చజేసి, చల్లారిన పిదప తగినంత ఉప్పు, చెంచాడు జీలకఱ్ఱ వేసి దంచి, చివర ఒక వెల్లుల్లిపాయ రెబ్బలను చేర్చి కచ్చాపచ్చాగా నూఱవలెను. ఇది ఒకనాడు చేసి తడి తగులని సీసాలో నుంచినచో కొన్ని దినములు పనికివచ్చును. ఇక గ్లాసెడు సేమ్యాను చెంచాడు నేతిలో దోరగా వేయింపవలెను. వేయించిన తీగ అంతగా అంటుకొనక పొడిపొడిగా నుండును. దానిని తీసియుంచి, అదే మూకుడులో రెండు చెంచాల నూనె కాచి, సెనగపప్పు, మినపపప్పు, ఆవాలు, రెండు తుంచిన యెండుమిరపకాయలు, కరివేపాకు వేసి, తరిగిన యుల్లి, అల్లము, పచ్చిమిరపకాయలను వేయింపవలెను. మిరప ఘాటు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరగును. కావుననే పోపులో వేగిన మిరప వంటకమంతటికి రుచి నిచ్చును. ఘాటంతయు గింజలోనున్నదని తలతురు గాని, అది గింజలను పట్టియుండు తెల్లని పొరలో నుండును. ఘాటు వలదనువారు ఆ పొరను తీసివేసిన చాలును. పిదప ఇంట నున్న క్యారెట్టు, చిక్కుడు, బఠానీ ఏదైనను పిడికెడు వేయవలెను. ఒట్టి సేమ్యాలో పీచు తక్కువ, మాంసకృత్తు తక్కువ; కూరలును పప్పును ఆ కొఱత తీర్చును. గ్లాసు సేమ్యాకు గ్లాసున్నర నీరు పోసి, ఉప్పు వేసి, అది తెరలి మరిగిన తరువాతనే సేమ్యా చల్లవలెను. మరుగకముందే వేసినచో ముద్ద యగును. మంట తగ్గించి మూతవేసి, నీరింకగానే దింపి, రెండు నిమిషములు కదపకుండ నుంచి, పిమ్మట అట్లకాడతో మెల్లగా పొడిచేసి, చెంచాడు వెల్లుల్లికారము, కొంచెము నిమ్మరసము కలుపవలెను. పది, పండ్రెండు నిమిషముల పని. పొట్లపు మసాలా అక్కఱలేదు.

ఇక మిగిలినది మూడవ ప్రశ్న: మిగిలిన కాలము ఎవరికి దక్కినది? గుంటూరున 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదానికేతనమును స్థాపించి స్త్రీలకు చదువును వృత్తివిద్యలను నేర్పించిరి. ఒంగోలు ప్రాంతమున పుట్టి చెన్నపట్టణమున స్థిరపడిన కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి మాసపత్రికను నెలకొల్పి స్త్రీలచేత చదివించెను, వ్రాయించెను. ఆ తరము సంస్కర్తలు స్త్రీకి పుస్తకమిచ్చిరి. కాని పుస్తకము తెఱచుటకు ఒక గంట కావలెను గదా. ఆ గంటను ఇంటిలో ఎవరు విడిచిపెట్టిరి? చదివిన కోడలు పొయ్యివద్దనుండి లేచి చదువలేదు. వంట ముగించి, అందఱు నిద్రించిన తరువాత దీపపు వెలుగున చదివెను. ఆ దీపములోని వత్తిని చేసినదియు ఆమెయే.

నేడు వత్తియు తాలికయు తప్పినవి. నిప్పు సులభమైనది. అయినను 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో తేలినదేమి? ఆఱేండ్లకు పైబడిన స్త్రీలలో నూటికి 81 మంది ఏదో యొక దినమున జీతములేని యింటిపని చేయుచుండగా, పురుషులలో 26 మంది మాత్రమే చేయుచున్నారు. చేయువారిలో స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునికి 97 నిమిషములు. అయిదు గంటలకు ఒక్క నిమిషము తక్కువ! రెండు నిమిషముల వంటకము మన దేశమునకు వచ్చి మూడు పదుల యేండ్లు దాటినను లెక్క ఇట్లున్నది. వంటకములు శీఘ్రమగుకొలది కోరికలు పెరిగినవి. పూర్వము సాయంకాలపు ఫలహారము లేని యింటిలో ఇప్పుడు ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క వంటకము. యంత్రము మిగిల్చిన నిమిషములను మఱియొక పని మింగుచున్నది.

దీనికి ఉపాయము పాతకాలమునకు మరలిపోవుట కాదు. అవ్వను మరల రోటియొద్దకు పంపుమని కోరువారు, ముందు తాము రోకలి పట్టి ఒక కుంచము దంచి చూడవలెను. ఉపాయము పొట్లములను పూజించుటయు గాదు. పైని చెప్పిన సేమ్యాను పదునాలుగేండ్ల పిల్లవాడు ఒకమాఱు చూచి చేయగలడు. చెల్లెలికి నేర్పునప్పుడే అన్నకును నేర్పినచో, వారమున కొన్ని సాయంకాలములు తల్లి చేతికి వచ్చును. మగపిల్లవానికి వంట నేర్పుట వాని గౌరవమునకు భంగమని తలచు తల్లులు నేటికిని గలరు. పెండ్లిండ్లలోను సత్రములలోను గరిటె పట్టువారు పురుషులే గదా. కూలికి వండినచో గౌరవము, తల్లికి వండినచో లాఘవమా?

మఱియొక బాకీ యున్నది. మన వంటకమున కారము వేయునప్పుడెల్ల, యార్డు గిడ్డంగివద్ద తొడిమ తీయు ఆడుకూలిని మనము ఒక నిమిషమైన తలచుట లేదు. ఆమె కాలమును దొంగిలించి మన కాలమును పెంచుకొనుట సంస్కారము కాదు. మగకూలికి ఒకటి, ఆడుకూలికి ఒకటి యను భేదమును తొలగించుట, పనిచోట నీడను, త్రాగునీటిని, చేతులకు తొడుగులను, బిడ్డలకు బడిని కల్పించుట మన సీమ ధనవంతులకును వర్తకులకును అసాధ్యము గాదు. గుంటూరు మిరపకు వచ్చిన పేరులో ఆమెకును భాగమున్నది.

వంట త్వరగా ముగిసినదని సంతోషించు గృహస్థు ఒక సంగతి గమనింపవలెను. ముగిసిన పిదప ఆ యింటి యిల్లాలు ఏమి చేయుచున్నది? తాను కోరిన పుస్తకము పట్టుకొని కూర్చున్నదా, ఇరుగుపొరుగుతో ముచ్చటించుచున్నదా, కన్నుమూసి విశ్రమించుచున్నదా, లేక రేపటి పప్పు నానబోయుచున్నదా? ఆ యింటికి త్వరితవంట వలన మేలు కలిగినదో లేదో దీనినిబట్టియే నిర్ణయింపవలెను.